తిరపతమ్మ పెంచిన స్తంభం

తినే స్తంభాన్ని కనిపెట్టినవాడు మాల్యాద్రి. దానికి కడుపునిండా పెట్టింది వాళ్ళక్క తిరపతమ్మ. ఇద్దరిలో తప్పెవరిదని ఒంగోల్లో ఎవరూ అడగలేదు. అడగాలంటే ముందు తప్పు జరిగిందని ఒప్పుకోవాలి గదా, అదే ఎవరూ ఒప్పుకోలేదు. మాల్యాద్రికి ఊపిరాడకుండా చేసింది అదే.

తల్లి పోయేనాటికి మాల్యాద్రికి ఇంకా మాటలు కూడా రాలేదు. పెళ్ళి మాట పక్కన పెట్టేసి తిరపతమ్మే వాణ్ణి పెంచింది. తెల్లారగానే పొగాకు కంపెనీకి పోయి, బ్యారన్ కొట్టంలో వేడిపెట్టి ఆరబెట్టిన ఆకును రంగు చూసి వేరుచేసే పని ఆమెది. ఎంత కడిగినా ఆ ఘాటు చేతుల్ని వదిలేది కాదు. వాడు చాలు అంటే ఆమెకు వినపడేదీ కాదు. "ఇంకొక్క ముద్ద" అనేది. ఆ ముద్ద వెనకాల ఇంకో ముద్ద ఉండేది. ఆమె లెక్కలో ప్రేమంటే చాలు అన్నాక పెట్టే ముద్ద. అలా తిని పెరిగినవాడు చదువుకుని, చదువుకుని, ఇంజనీరింగు కాలేజీలో ఒక ప్రయోగశాలకు పెద్ద అయి కూర్చున్నాడు.

ఆ వైపు నేల అప్పుడప్పుడూ ఒళ్ళు విరుచుకుంటుంది. గిన్నెలు గలగలమంటాయి, జనం వీధిలోకి ఉరుకుతారు, మళ్ళీ ఇళ్ళలోకి పోతారు. పేదవాళ్ళ ఇళ్ళు ఆ కుదుపుకు తట్టుకోవాలన్నదే మాల్యాద్రి ధ్యాస. పాతకాలపు మేస్త్రీలు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపేవాళ్ళని అతనికి తెలుసు. అలాంటి ఒక పాత గోడను గీకి చూస్తే, కంటికి కనపడని ఒక క్రిమి దొరికింది. దానికి బెల్లం పెడితే సున్నపు తేటను రాయిగా మార్చేస్తుంది. దాన్ని నిద్రపుచ్చి కాంక్రీటులో కలిపి స్తంభం పోశాడు. నేల ఊగి స్తంభానికి వెంట్రుకంత చీలిక వచ్చిందంటే, లోపలున్న క్రిమి లేచి, తిని, ఆ చీలికను రాయితో పూడ్చేస్తుంది. విరిగిన ఎముక అతుక్కున్నట్టే. అందుకని ప్రతి స్తంభం మొదట్లో ఒక మట్టిగొట్టం, దానికో మూత పెట్టించాడు. అది దాని నోరు. వారానికి ఒక గ్లాసు బెల్లం కలిపిన సున్నపు తేట అందులో పోస్తే చాలు, ఇల్లు తరాలపాటు నిలుస్తుంది.

పొగాకు పనివాళ్ళ కాలనీలో మొదటి ఇల్లు లేచింది. నాలుగంతస్తులు. అన్నీ సన్నటి స్తంభాలే, చూడ్డానికి వయసు పిల్లల్లా నిటారుగా ఉన్నాయి. ఆ తర్వాత చీరాల, కందుకూరు, మార్కాపురంలో కూడా అలాంటివే కట్టడం మొదలైంది. ఒంగోలు ఇంట్లో నేల అంతస్తు మూలగది తిరపతమ్మకు వచ్చింది. సరిగ్గా ఆమె నెత్తిమీద, మొదటి అంతస్తులో, మార్తమ్మ. ఇద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే చాపమీద కూర్చుని ఆకు వేరుచేసినవాళ్ళు. గృహప్రవేశం నాడు ఆడవాళ్ళందరూ చుట్టూ మూగి, ఈ నోరేంది, ఈ కూడేందని అడిగితే, మాల్యాద్రి సంతోషం పట్టలేక, "ఇది బతికున్న పిల్లర్, మీ బిడ్డలాగా చూసుకోండి" అన్నాడు.

అన్నమాట అన్నట్టే చేశారు.

ఒక వేసవి పొద్దున నేల చిన్నగా ఊగింది. ఎవరికీ ఏం కాలేదు. మార్తమ్మ గోడకు మాత్రం ఒక పగులు పడింది. ఆ మర్నాటినుంచి తిరపతమ్మ తన వంటింటి మూల స్తంభానికి వారానికి కాదు, రోజూ గ్లాసు పోయడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు గ్లాసు చెంబయింది. మిగతా ఇళ్ళవాళ్ళు వారానికి ఒకటికి రెండు గ్లాసులు పోశారేమోగాని, ఆమె చెయ్యి ఎవరికీ రాలేదు.

కాలేజీ పరీక్షల గొడవ తీరాక మాల్యాద్రి అక్కను చూడ్డానికి వచ్చాడు. వంటింట్లోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయాడు. చేత్తో చుట్టి పట్టుకునేంత ఉండాల్సిన స్తంభం, రెండు చేతులు చాచినా అందడం లేదు. గోడలోంచి పొట్ట వేసుకుని బయటికి వచ్చింది. దాని పక్కనే పీటమీద కూర్చుని మార్తమ్మ టీ తాగుతోంది.

"ఏందక్కా ఇది?"

"ఏముందిరా, మొన్న భూమి ఊగింది గదా, బిక్కచచ్చి ఉంది పాపం. రెండు ముద్దలు ఎక్కువ పెట్టా. చూడు ఎట్టా తేరుకుందో!"

"తేరుకోవడమా? మీ అక్క నన్ను కూడా ఇంత పోషించలేదు అబ్బయ్యా" అంది మార్తమ్మ. "నేను టీ అడిగితే సగం గ్లాసు. దానికేమో చెంబుడు బెల్లం. పోయిన జన్మలో నీకేమవుద్దే అది, మొగుడా?"

"నోరు మూసుకోవే. పడేది నీ కొంపే గదా నా నెత్తిన. అది గట్టిగుంటేనే నువ్వు పైన కులాసాగా పడుకునేది."

మాల్యాద్రి నవ్వలేదు. తలెత్తి పైకి చూశాడు. ఆ స్తంభంలోంచి గది అడ్డంగా పోయే దూలం, కట్టిననాడు ఎంతుందో అంతే ఉంది. స్తంభం దగ్గర దాని మొదట్లో దారప్పోగులాంటి గీత ఒకటి వాలుగా దిగింది. అక్క దాని కిందే నిలబడి తమ్ముడికి అట్టు వేస్తోంది.

ప్రయోగశాలలో షమీమ్ అనే అమ్మాయి ఉండేది. ఇల్లు ఊగితే ఏ భాగంమీద ఎంత బరువు పడుతుందో లెక్క తేల్చడం ఆమె పని. మాల్యాద్రి తెచ్చిన కొలతలు చూసి ఊగే బల్లమీద చిన్న ఇంటి బొమ్మ బిగించింది. అన్నీ సన్నటి ఇనుప బద్దల స్తంభాలు. మొదట అలాగే ఊపింది. బొమ్మ ఇల్లు గాలికి జొన్నచేను ఊగినట్టు ఇటూ అటూ ఊగింది. స్తంభం కొంచెం వంగింది, దూలం కొంచెం వంగింది, తలా కాస్త పంచుకుని మళ్ళీ నిలబడ్డాయి. తర్వాత ఒక మూల బద్ద తీసేసి అక్కడ లావు కడ్డీ బిగించి, బల్లను అంతే ఊపింది. లావు కడ్డీ కదల్లేదు. మిగతావి ఊగబోతుంటే అదొక్కటే బిగుసుకు నిలబడి, ఊపునంతా తనవైపు లాక్కుంది. దాన్ని అంటుకున్న రేకు దూలాలు కడ్డీ దగ్గర పటపటమని ఊడి, ఆ మూలనున్న అంతస్తులన్నీ ఒకదానిమీద ఒకటి కూలాయి. కడ్డీ మాత్రం బల్లమీద ఒంటరిగా నిటారుగా నిలబడి ఉంది.

"పిల్లర్ బలంగా ఉండాలన్నది నిజమే సార్" అంది షమీమ్. "కానీ బీముకు తగ్గట్టు ఉండాలి. ఇంత లావయితే బీము మొదలును కదలనివ్వకుండా బిగబట్టేస్తుంది. వంగాల్సింది వంగలేక విరుగుతుంది."

"మిగతా స్తంభాలకు కూడా పెట్టి దీనికి సమానం చేస్తే?"

"అప్పుడు అన్ని మూలలా ఇదే జరుగుతుంది. బీములు పెరగవు గదా. వాటికి మనం నోరు పెట్టలేదు సార్."

మాల్యాద్రి బల్లమీద పడ్డ రేకుముక్కల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు.

సరే, లావైనదాన్ని చెక్కేద్దామని ఇద్దరు పనివాళ్ళను తీసుకుపోయాడు. ఉలి దెబ్బ పడ్డచోటల్లా తెల్లటి పొడి రాలింది. తిరపతమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక్కో దెబ్బకూ కళ్ళు మూసుకుంది. వాళ్ళటు పోగానే రెండు చెంబులు పోసింది. గాయం తగిలితే ఇంకాస్త పెట్టాలని ఎవరు నేర్పాలి ఆమెకు? స్తంభానికీ గాయమైనచోట రాయి పెంచడమే తెలుసు. మాల్యాద్రి మళ్ళీ వచ్చేసరికి చెక్కినదంతా పూడి, ఇంకో పొర ఎక్కింది.

నోటికి సిమెంటు పెట్టి మూసేశాడు. కాలనీ ఆడవాళ్ళు పోయి, మా బిడ్డల నోరు కొడుతున్నాడని ఆఫీసులో మొరపెట్టుకున్నారు. ఇళ్ళు కట్టించిన అధికారి స్వయంగా వచ్చి స్తంభాన్ని తట్టి చూశాడు. "ఇంత బలంగా ఉంటే ఇబ్బందేంటండీ ప్రొఫెసరుగారూ? సన్నగా ఉంటే భయపడాలిగానీ" అని, దాని పక్కన నిలబడి ఫొటో దిగి, నోరు తెరిపించి వెళ్ళిపోయాడు.

మిగిలింది ఒకటే దారి. ఇల్లు ఖాళీ చేయించాలి. అప్పుడు క్రిమిని చంపి, స్తంభాన్ని కోసి, దూలాలకు ఇనుము కట్టి, మళ్ళీ జనాన్ని తేవచ్చు. మనిషి లోపలుండగా ఆ పని కుదరదు. ఒక ఆదివారం సాయంత్రం, చర్చి నుంచి వచ్చినవాళ్ళు, గుడి నుంచి వచ్చినవాళ్ళు అందరూ వాకిట్లో ఉన్నప్పుడు మాల్యాద్రి చేతులు జోడించాడు.

"అమ్మా, ఒక్క మాట వినండి. వెదురు బొంగుకు పొగాకు బేలు కట్టి నలుగురు మోస్తున్నారనుకోండి. నలుగురూ ఒకే ఊపున నడిస్తే బొంగు వంగుద్దిగాని విరగదు. ఒకడు బండలాగా బిగదీసుకు నిలబడ్డాడు. ఏమవుద్ది? వాడి భుజం దగ్గర బొంగు ఫట్టుమంటది. మన మూల పిల్లర్ అట్టా అయింది."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మార్తమ్మ ముందుకు వంగింది.

"ఆ బిగదీసుకున్నోడు పడడు గదా అబ్బయ్యా?"

"వాడు పడడు."

"అయితే మాకు వాడే కావాలి!"

వాకిలంతా నవ్వింది. తిరపతమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక తమ్ముడి మొహం చూసి జాలిపడింది. "యాడికి పోతార్రా వీళ్ళంతా? రేకుల షెడ్లల్లోంచి వచ్చిందే మొన్న. వాన పడితే నెత్తిన గంప పెట్టుకుని కూర్చున్నోళ్ళు. ఇప్పుడు పొమ్మంటే ఎవరు పోతారు? సన్నగున్నప్పుడు ఉండమన్నావు, లావయ్యాక పొమ్మంటన్నావు. నువ్వు సరిగ్గా తింటన్నావా లేదా? పీక్కుపోయావు. రా, అన్నం పెడతా."

"అక్కా, నువ్వు బయటికొస్తే అందరూ వస్తారు. నీ మాటే వింటారు."

"నేనొస్తే దానికి కూడెవరు పెడతారు?"

మాల్యాద్రి ఆ పూట అక్క పెట్టిన అన్నం తిన్నాడు. తినకపోతే ఆమె వినేది కాదు. తిన్నా వినలేదు. ఆనాటినుంచి రోజూ ఏదో వంకతో వచ్చి, దూలం మొదట్లో ఆ గీత వంక చూసి, అక్కను బయట కూర్చోమని, ఆమె కూర్చోకపోతే తనే ఆ దూలం కింద పీట వేసుకుని కూర్చునేవాడు. ఏం చేద్దామనో అతనికే తెలియదు. పడితే ఆపగలడా? అయినా కూర్చునేవాడు.

భూమి ఊగిననాడు మాత్రం అతను అక్కడ లేడు. వానాకాలం ముసురు పట్టిన మధ్యాహ్నం, పిల్లలకు పాఠం చెబుతున్నాడు. చేతిలో సుద్దముక్క బోర్డుమీద దానంతటది గీత గీసుకుంటూ పోయింది. పిల్లలు బయటికి పరిగెత్తారు. మాల్యాద్రి కాలనీవైపు పరిగెత్తాడు. దారిపొడవునా ఇళ్ళన్నీ నిలబడే ఉన్నాయి. పాత పెంకుటిళ్ళు కూడా నిలబడి ఉన్నాయి. అది చూసి, ఏమీ కాలేదులే అనుకున్నాడు. అనుకుంటూనే పరిగెత్తాడు.

కాలనీ ఇల్లు కూడా నిలబడే ఉంది, ఒక్క మూల తప్ప. ఆ మూల నాలుగు అంతస్తుల కప్పులూ పళ్ళెంలో పళ్ళెం పెట్టినట్టు కిందికి దిగిపోయాయి. వాటి మధ్యలోంచి తిరపతమ్మ స్తంభం, మీద ఒక్క గీత లేకుండా, తెల్లగా, లావుగా ఆకాశంలోకి లేచి ఉంది. అంతస్తుకోచోట దూలం విరిగిన మొద్దులు దానికి అంటుకుని ఉన్నాయి. సరిగ్గా బల్లమీద చూసినట్టే. ఆనాడు రేకుముక్కలు ఏరినట్టు మాల్యాద్రి పెళ్ళలు ఏరడం మొదలుపెట్టాడు. జనం కూడా చెయ్యి కలిపారు.

తిరపతమ్మ బతికే ఉంది. ఊపు మొదలవగానే స్తంభాన్ని వాటేసుకుందట. విరిగిన దూలం మొద్దు గొడుగులాగా ఆమెకు అడ్డం నిలిచింది. మోచెయ్యి విరిగింది, అంతే. ఆమెను లాగుతుంటే స్తంభాన్ని వదల్లేదు, ఇద్దరు కలిసి వేళ్ళు విడదీయాల్సివచ్చింది. మార్తమ్మ పీట దగ్గరే ఉంది. పైనుంచి తన నేలతోపాటే కిందికి వచ్చి, రోజూ టీ తాగేచోటే చేరింది. ఆమెపైన ఉన్న రెండు ఇళ్ళల్లోనూ ఎవరూ మిగల్లేదు.

ఆసుపత్రికి టీవీవాళ్ళు వచ్చారు. తిరపతమ్మ కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూనే చెప్పింది.

"నేను పెట్టినందుకు అది నన్ను బతికించింది నాయనా. మార్తకు చెప్పా, పైన నువ్వు కూడా కాస్త పెట్టవే అని. పైన దానికి నోరు లేదంది. పైన కూడా పెట్టి ఉంటే మార్తా బతికేది."

ఆ మాట ఆ సాయంత్రానికే జిల్లా అంతా పాకింది. కూలిన ఇంట్లో కూలకుండా నిలబడ్డ స్తంభం బొమ్మ ప్రతి ఫోనులోనూ కనిపించింది. చీరాలలో, కందుకూరులో, మార్కాపురంలో అలాంటి ఇళ్ళల్లో ఉన్న ఆడవాళ్ళు అంగళ్ళమీద పడ్డారు. బెల్లం దొరక్కపోతే పంచదార తెచ్చారు. మాల్యాద్రి ఊరూరా తిరిగాడు, అధికారుల కాళ్ళావేళ్ళా పడ్డాడు, టీవీలో కూర్చుని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. సొంత అక్కను బతికించిన స్తంభాన్నే తిడుతున్నాడు, మనిషికి మతి చలించిందన్నారు. షమీమ్ బల్లమీద బొమ్మ ఇల్లు ఊపి చూపించింది. చూసినవాళ్ళంతా లావు కడ్డీవైపే వేలు చూపించి, అదిగో నిలబడింది గదా అన్నారు.

ఇక ఒక్కరి మాటే వింటారు. ఆ సంగతి మాల్యాద్రికి ముందే తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ ఊళ్ళు తిరిగాడు, ఆసుపత్రిలో అక్క మంచం దగ్గరికి రాకుండా.

తిరపతమ్మ తమ్ముడికి కమలాపండు ఒలుస్తోంది, ఒంటిచేత్తో. అతను మంచం అంచున కూర్చుని బొంగు కథ మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆమె నవ్వలేదు. తొనలు దుప్పటిమీద పెట్టి వింది.

"నేను రోజూ పోసింది..."

"అక్కా."

"వారానికో గ్లాసు పోసినోళ్ళ మూలలు పడలేదా?"

మాల్యాద్రి తల అడ్డంగా ఊపాడు.

"పగుళ్ళిచ్చినయ్యా?"

"ఇచ్చినయి. పడలేదు."

"మార్త నా దగ్గరికే దిగొచ్చింది" అంది తిరపతమ్మ. తర్వాత, "నువ్వు తిను" అని తొన అతని చేతిలో పెట్టబోయి, చెయ్యి మధ్యలోనే ఆపి, తొనను తిరిగి దుప్పటిమీద పెట్టేసింది. తమ్ముడికి పెట్టబోయి ఆగడం ఆమె జన్మలో అదే మొదలు. ఆ కాస్త చూసి మాల్యాద్రి, ఈ నిజం చెప్పకుండా ఉంటే బాగుండుననుకున్నాడు. కానీ చెప్పింది ఆమెను చంపడానికి కాదు గదా. మిగతా ఊళ్ళల్లోవాళ్ళు బతకడానికి.

ఆసుపత్రి నుంచి వదలగానే ఆమెను చీరాల తీసుకుపోయాడు. అక్కడి ఇంట్లో ఉండేది చేనేతవాళ్ళు. తిరపతమ్మ వచ్చిందని తెలిసి వీధి వీధంతా ఎదురొచ్చింది. కాళ్ళకు నీళ్ళిచ్చారు, మంచం వేశారు. కనకరత్నం అనే ఆవిడ తన ఇంట్లోకి తీసుకుపోయి స్తంభాన్ని చూపించింది. అది అప్పుడే పొట్ట వేస్తోంది. పక్కనే మగ్గం, మగ్గం వెనకాల ఉయ్యాల.

"నీ దయేనమ్మా. నువ్వు చెప్పినకాడినించి పూట తప్పకుండా పోత్తన్నాం."

"పొయ్యమాకండి" అంది తిరపతమ్మ. "మీకు దణ్ణం పెడతా. మార్త చచ్చిపోయింది నా చెయ్యి వల్లే. నేను పెట్టిందే దాన్ని చంపింది."

కనకరత్నం కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని ఆమె భుజం పట్టుకుంది. "ఊరుకో తల్లీ. మనిషి పోయాక అట్టాగే అనిపిద్ది. నీ తప్పేముంది? మా ఆయన పోయినప్పుడు నేనూ అట్టాగే అనుకున్నా, నేనుడుకునీళ్ళు పెట్టకపోబట్టేనని. నువ్వు పెట్టబట్టే గదా నువ్వు మా కళ్ళెదుట ఉంది."

"కాదమ్మా. నా మాట వినండి."

"వింటన్నాం. ముందు ఇన్ని మజ్జిగ తాగు."

మాల్యాద్రి గుమ్మంలో నిలబడి చెప్పబోయాడు. ఒకాయన అతని జబ్బ పట్టుకుని, ఆమెనలా బాధపెట్టొద్దని మెత్తగా మందలించాడు. తిరపతమ్మ మజ్జిగ తాగలేదు. లేచి స్తంభం దగ్గరికి పోయి నేలమీద కూర్చుంది. బాగున్న అరచేతిని దాని నోటికి అడ్డంగా పెట్టింది. ఆకు ఘాటు ఇంకా వదలని చెయ్యి. ఎంత గట్టిగా అదిమిందంటే వేళ్ళకొసలు తెల్లబడ్డాయి.

వాకిట్లో ఉన్న ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఎవరూ ఆమెను లేవమనలేదు, పెద్దామె, పుట్టెడు దుఃఖంలో ఉంది. కనకరత్నం లోపలికి పోయి బెల్లం కరిగించుకుని చెంబు పట్టుకొచ్చింది. తిరపతమ్మకు ఎదురుగా గోడకానుకుని కూర్చుంది. చెంబు ఒళ్ళో పెట్టుకుని, మీద కొంగు కప్పింది. ఉయ్యాల తాడును కాలితో మెల్లగా లాగుతూ, ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని ఓపిగ్గా చూస్తూ ఉండిపోయింది.